కదలని మచ్చ

ఈస్టరు పండుగ మరునాడు పొద్దున మత్తయ్య మిర్యాలగూడ బస్సెక్కాడు. ఆ రోజు మొదలు ఏసమ్మ ఇల్లు ఊడవలేదు.

మనిషి ఊరికి పోతే, క్షేమంగా చేరాడన్న కబురు వచ్చేదాకా ఇంట్లో చీపురు పట్టకూడదు. ఇది ఏసమ్మ తల్లి నాటి పట్టింపు. మామూలుగా ఆ పూటకో, మరునాటికో తీరిపోయేది. కానీ ఏసమ్మకు అది ప్రాణం మీది మాట. ఐదేళ్ళ కింద తమ్ముడు దావీదు పటాలంలో చేరి బయలుదేరిన రోజున, ఇంటికి చుట్టాలు వస్తున్నారని, వాడి బస్సు మూసీ దాటకముందే ఆమె వాకిలి ఊడ్చేసింది. దావీదు బర్మా నుంచి తిరిగి రాలేదు. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అననందుకే అది లోపల అట్లాగే ఉండిపోయింది.

మత్తయ్య సూర్యాపేట మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. మిర్యాలగూడ దవాఖానకు కంటి డాక్టరు వచ్చాడని, ఒక్క నెలే ఉంటాడని కోదాడ నుంచి అల్లుడు అబ్రహాం కబురు తెచ్చాడు. అబ్రహాం అక్క ఆ దవాఖానలోనే ఆయా. పక్కన ఉండి చూసుకుంటానంది. అంతా కుదిరింది. మత్తయ్యే కుదరలేదు.

"ఇప్పుడు పోతే సూర్యుణ్ణి ఎవరు గీస్తరు?" అన్నాడు.

ఆయన పిచ్చి అది. దేశం వెళ్ళిపోయిన మిషన్ పాత దొర వదిలేసిన ఇత్తడి దుర్భిణి ఒకటి ఉండేది. దానిలో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూస్తే కన్ను కాలిపోతుంది. అందుకని మత్తయ్య తూర్పు కిటికీకి గోనెపట్టా కట్టి, దానికి చిల్లు చేసి, దుర్భిణి మూతిని అందులోంచి బయటికి పెట్టాడు. గది చీకటి. లోపలి వైపు చెక్క మీద కాగితం. ఆ కాగితం మీద అరచేయంత సూర్యుడు తెల్లగా, నిండుగా వచ్చి కూర్చునేవాడు. ముందే గీసిన గుండ్రానికి సరిగ్గా సూర్యుణ్ణి కూర్చోబెట్టి, కనపడిన మచ్చలను పెన్సిలుతో గీయడం, తారీఖు వేయడం. పాత శిష్యుడు రామనర్సయ్య హైదరాబాదులో వేధశాలలో పని చేస్తాడు. గీసినవన్నీ అతనికి పంపాలి.

ఆ ఏడు, అంటే నలభై ఏడులో, ఫిబ్రవరిలో ఒక పెద్ద మచ్చ కనపడింది. అందులో మన భూగోళం లాంటివి ఎన్నో పట్టేటంత పెద్దదట. అయస్కాంతం లాంటి బలం అక్కడ చిక్కుపడి లోపలి వేడిని పైకి రానివ్వదట, అందుకే నల్లగా ఉంటుందట. అది మనకు ఎదురుగా వచ్చినప్పుడు ఒక్కోసారి రేడియోలు మూగబోతాయట. సూర్యుడు తిరుగుతుంటే ఆ మచ్చ ఒక అంచున పుట్టినట్టు వచ్చి, నడుమ దాటి, రెండో అంచున మాయమయ్యేది. రెండు వారాల తర్వాత మళ్ళీ మొదటి అంచు దగ్గర తేలేది. మార్చిలో వచ్చింది. ఏప్రిల్‌లో ఇంకా పెద్దదై వచ్చింది. నాలుగోసారి కూడా వస్తుందా, వస్తే అదేనా? రామనర్సయ్య ఉత్తరం రాసి మరీ అడిగాడు. నడుమ ఒక్క రోజు కూడా తప్పవద్దన్నాడు.

"నువ్వు గీయాలె, ఏసమ్మా," అన్నాడు మత్తయ్య చివరికి.

"నాకు చాతనైతదా అయ్యా? బడికి పోయినదాన్నా?"

"బడి నీ దగ్గరికే వచ్చె గద. నేను ఇంట్ల బడిపిల్లలకు చెప్తుంటే పొయ్యి కాడ కూసోని వాళ్ళకంటే ముందే నేర్చినవ్. మూడు నెల్ల సంది గీసింది నేననుకుంటున్నవా? మచ్చ ఏడుందో నువ్వు చెప్తేనే నేను చుక్క పెట్టిన."

"తప్పైతే?"

"ఉన్నది ఉన్నట్టు గియ్యి. ఊహించి గియ్యకు. ఇగ దుర్భిణి అద్దం మాత్రం ముట్టకు. నీ కొంగు గరుకు, గీతలు పడ్తయి."

అట్లా ఆయన అల్లుడి వెంట బస్సెక్కాడు. చేరగానే అబ్రహాం కార్డు రాయాలని మాట.

మొదటి రోజు కార్డు రాలేదు. నాలుగో రోజూ రాలేదు. ఆ రోజుల్లో దారులు బాగాలేవు, బస్సులను ఎక్కడ ఆపుతారో ఎవరికీ తెలియదు. ఏసమ్మ పొద్దున ఎనిమిదింటికి చీకటి గదిలో కూర్చుని, చెయ్యి మోకాలికి ఆనించి, గీసేది. నడుమ ఉన్న పెద్ద మచ్చ రోజూ ఇంత జరుగుతోంది. పోయేవైపు. అది చూస్తే ఆమెకు గుండె జారేది.

ఐదో రోజు కింది వైపున ఒక చిన్న చుక్క కనపడింది. ఉన్నది ఉన్నట్టు గీసింది.

పక్కింటి బాలమ్మ చల్ల అడగడానికి వచ్చి గడప దగ్గరే ఆగింది.

"ఏందక్కా, ఇల్లేనా ఇది? కోళ్ళు గుడ్లు పెట్టెటట్టున్నది."

"పెడితే నీకియ్యనులే."

"సారు లేడని చీపురు అలిగిందా?"

"కబురు రానీ."

"సార్‌ను దవాఖానల పండవెట్టిన్రు, ఎవరో ఎత్తుకపోలేదు. ఒకవేళ కబురే రాకపోతే?"

"నీ నోట్ల మన్ను పడ!"

"మన్నుకేం కొదవ లేదులే నీ ఇంట్ల," అని బాలమ్మ చల్లగిన్నె అందుకుంది. కానీ వెళ్తూ వెళ్తూ ఏసమ్మ భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.

పద్నాలుగో తారీఖున పెద్ద మచ్చ అంచుకు చేరి సన్నటి గీతలా మిగిలింది. మరునాడు లేదు. ఖాళీ సూర్యుడు. ఆ చిన్న చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. 'నువ్వన్న ఉన్నవ్ బిడ్డా,' అంది ఏసమ్మ దాంతో. ఆ రోజు చుక్కను కాస్త ప్రేమగా, గుండ్రంగా దిద్దింది.

పదో రోజున కార్డు వచ్చింది. కోదాడ ముద్ర. అబ్రహాం చేతివ్రాత మూడు ముక్కల కింద కూతురి వ్రాత ఇరుకిరుకుగా ఉంది: 'నాన్నకి ఆపరేషన్ బాగా జరిగిందమ్మా. ఈ కార్డు మిర్యాలగూడ చేరిన రోజే రాశారంట, ఈయన జేబులోనే ఉండిపోయింది. బట్టలు ఉతకబోతే దొరికింది. బాగా తిట్టాను. నువ్వేం కంగారు పడకు.'

ఏసమ్మ కార్డును రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివి, చీపురు తీసింది. ఆ రోజు ఇంట్లోంచి తట్టెడు దుమ్ము వెళ్ళింది.

ఇరవై ఆరున మత్తయ్య ఇంటికి వచ్చాడు. కోసిన కంటికి కట్టు, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. కట్టు విప్పడానికి ఇంకో వారం ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కదపవద్దని ఒట్టు వేయించుకుని, ఏసమ్మ కాగితాలు ముందేసుకుంది. ఏ తారీఖున ఏముందో చదివి చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

"ఇగ చిన్నదొకటున్నదయ్యా. నువ్వు పోయిన ఐదో రోజు వచ్చింది. పెద్దది పోయినా ఇది పోలేదు. కాపలా ఉన్నట్టు ఆడనే ఉన్నది."

"ఆడనే అంటే?"

"ఉన్నచోటే. ఇయ్యాల్టికి పదహారు రోజులు. జర గూడ కదల్లేదు."

మత్తయ్య పొట్ట కదిలింది. నవ్వు.

"తల కదపొద్దన్న!"

"సూర్యుని మీద ఉన్నదైతే సూర్యునితోటి తిరుగుతదే పిచ్చిదానా. కదలనిదంటే అది సూర్యునిది కాదు. మనింటిది. దుర్భిణికి గది దిక్కున్న అద్దం మీద దుమ్ము."

ఏసమ్మ ముఖం తెల్లబోయింది. పదహారు కాగితాలు. పదహారు రోజులూ ఆమె దుమ్ముకు తారీఖు వేసి పెట్టింది. గబుక్కున రబ్బరు అందుకుంది. చప్పుడు పోల్చుకున్నాడేమో, మత్తయ్య తడిమి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చెరపకు. చూసింది చూసినట్టు గీసినవ్. దాని పక్కన 'మా ఇంటి దుమ్ము' అని రాయి. రామనర్సయ్యకు అర్థమైతది. గని ఏసమ్మా, నువ్వు దినాం రెండుసార్లు ఊడ్చే మనిషివి. ఇంత దుమ్మెట్ల వచ్చె?"

ఆమె లేవబోయింది. ఆయన చెయ్యి వదలలేదు. చివరికి చెప్పింది, కార్డు గురించి, పది రోజుల గురించి, దావీదు బస్సు గురించి కూడా. ఈ ఐదేళ్ళలో ఆ చివరిది ఆయన వినడం అదే మొదలు.

మత్తయ్య చాలాసేపు ఆ మణికట్టును నిమిరాడు.

"మీ తమ్ముణ్ణి యుద్ధం తీస్కపోయింది ఏసమ్మా. చీపురు కాదు."

ఆమె ఏడ్చింది. ఆయన కూడా ఏడిస్తే కోసిన కంటికి తడి తగులుతుందని, ఏడుపును తొందరగా ఆపింది కూడా ఆమే.

మరునాడు ఆయన చెప్పినట్టే మెత్తటి పాత మల్లు గుడ్డ ఉతికి ఆరబెట్టి, దాంతో అద్దం మీది దుమ్మును ఊపిరి బిగబట్టి తీసింది. కాగితం మీద సూర్యుడు శుభ్రంగా ఉన్నాడు. అంచు దగ్గర ఏమీ లేదు.

ఇరవై ఎనిమిదిన పొద్దున, ఎనిమిదింటికి ఆయన్ను నడిపించుకుని తెచ్చి చెక్క పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. గోనెపట్టా సర్దింది. సూర్యుడు గుండ్రంలోకి వచ్చాడు. ఏసమ్మ కాగితం మీదికి వంగింది. పాత కాగితం ఒకటి తీసి పక్కన పెట్టి చూసింది.

"ఏమైందే?"

ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని, కాగితం మీద ఆ అంచు దగ్గర, సన్నటి నల్లగీత మీద ఆనించింది. పోయినసారి కాగితంలో ఎంత ఎత్తున వచ్చిందో, సరిగ్గా అంత ఎత్తున.

మత్తయ్య వేలు అక్కడే ఉంచి, నవ్వు బిగబట్టి అడిగాడు:

"మనింటిది కాదు గద?"

"కాదు," అంది ఏసమ్మ. "పొద్దున్నే ఊడ్చిన."