కూలర్ కింది పొర

బల్ల మీద పాత దుప్పటి పరిచి కూతురు అట్టపెట్టెలు విప్పుతోంది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ ట్యూషన్లు చెప్పుకుంటూ ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నవి. ఏది దేనికి సరిపోతుందో వీడియోలు చూసి తనే నేర్చుకుంది. ఆదివారం కంప్యూటర్ ఆటల పోటీ. సొంత మెషిన్ మోసుకొస్తేనే జట్టులో చోటని కెప్టెన్ ముందే తేల్చేశాడు.

నాన్న గుమ్మం పక్క కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. దర్జీ ఆయన. అమ్మ పోయినప్పటి నుంచీ చేతులు మంచు కడుతున్నాయి. ముట్టుకున్న గుడ్డ అట్టలా బిగుసుకుపోవడంతో కుట్టుమిషన్‌కి ముసుగేసేశాడు. డాక్టరు స్వెటర్ వేసుకోమన్నాడు. చలి మోచేతులు దాటింది, గుండె దాకా పోనివ్వొద్దన్నాడు. ఎలా ఆపాలో చెప్పలేదు. పక్కింటి అత్త మాత్రం ఆయన చేత్తో చల్లబరచమని రోజూ నీళ్ల సీసాలు పంపేది. మా ఫ్రిజ్ కన్నా అన్నయ్యగారే నయం, కరెంటు తినరు అనేది.

అన్నీ బిగించాక మెషిన్ వెలిగింది. ఆట మొదలైన కాసేపటికే బొమ్మ తడబడి, తెర నల్లబడింది. ప్రాసెసర్ వేడి హద్దు దాటిపోయింది. వైర్లు చూసింది, ఫ్యాను చూసింది, తల పట్టుకుని కూర్చుంది.

"బాగా కాలుతోందా అమ్మా?" అన్నాడు నాన్న. "నన్ను ముట్టుకోనిస్తావా?"

ఇంట్లో ఏది తాకాలన్నా అడగడం ఆయనకి అలవాటైపోయింది. మంచు కరిగి చుక్క నీళ్లు పడితే అంతా పోతుందని ఆమె తటపటాయించి, చివరికి ఆయన మణికట్టుకి తువ్వాలు చుట్టింది. ఆయన కూలర్ మీద అరచెయ్యి ఆనించాడు. ఆట నూనె రాసినట్టు నడిచింది.

"ఆ ఎర్ర టోపీ వాడు నువ్వేనా? వాడి చొక్కా భుజాల దగ్గర పట్టేసింది," అన్నాడు నాన్న.

రోజూ అలాగే ఆడారు. చలి మోచేతుల కిందికి దిగింది, తర్వాత మణికట్టుకి.

శనివారం ఆమె కూలర్ విప్పింది. పోటీకి నాన్న చేతిని పట్టుకెళ్లడం కుదరదు కదా. కూలర్ అడుగున, వేడిని లాగే పేస్టు కింద, ఆ వేడికి అడ్డుపడుతూ పల్చటి ప్లాస్టిక్ పొర. బిగించేముందు తీసేయమని ఎర్రక్షరాలు. ఎవరో ఈ తప్పే చేసిన వీడియో చూసి ఆమె పగలబడి నవ్వింది ఒకప్పుడు. పీకేస్తే చాలు, మెషిన్‌కి ఇంకెవరూ అక్కర్లేదు.

వంటింట్లోంచి నాన్న గొంతు వినబడింది. "ఈ గ్లాసు కాలుతోందే." కాసేపాగి, మళ్లీ అదే మాట, మెల్లగా.

పొర అంచున ఆమె గోరు ఆగింది. పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, పొరతో సహా కూలర్ బిగించేసింది.

"దొరికిందా తప్పు?" గుమ్మంలోంచి అడిగాడు.

"లేదు నాన్నా. నీ చెయ్యే కావాలి."

తువ్వాలు తనే చుట్టుకున్నాడు. రాలేనని ఆమె కెప్టెన్‌కి కబురు పెట్టింది. సరే, ఇంకొకర్ని చూసుకున్నామని జవాబొచ్చింది.

వారం తిరక్కుండా పక్కింటి అత్త సీసా పట్టుకుని వచ్చింది.

"ఏంటమ్మా, నీళ్లు ఇలా వెచ్చగా ఉన్నాయి? మీ నాన్నకి ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నాడత్తా," అని సీసా అందుకుని ఆమె తమ ఫ్రిజ్‌లో పెట్టింది.

గదిలో ఆట మళ్లీ తడబడుతోంది. ఎక్కడో కమురు వాసన.

"నా చెయ్యి చల్లగా లేనట్టుందమ్మా. తీసెయ్యనా?"

ఆమె పక్కన కూర్చుని ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

"ఉంచు నాన్నా," అంది. తెర నల్లబడింది.