జాంబియా నోటు మీద సంతకం

గడియారాలు బాగుచేసే అతనికి ఆఫ్రికా నోట్లంటే పిచ్చి. పన్నెండేళ్ళలో ముప్ఫై ఒక్క దేశాల నోట్లు పోగేశాడు. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేశం, విలువ, బొమ్మ, సంవత్సరం రూళ్ళ పుస్తకంలో గుండ్రంగా రాసుకునేవాడు.

"చెల్లని నోట్లకి ఎంత మర్యాదో! చెల్లే నోటు మాత్రం మీ జేబులో పూట నిలవదు" అనేది భార్య.

ఆ మధ్య మోకాలి ఆపరేషన్ చేయించుకుని అత్తగారు వాళ్ళింటికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. కాలు కదపొద్దన్నారు గానీ కళ్ళు కదపొద్దని ఎవరూ అనలేదు. అల్లుడి బల్ల పక్కనే కుర్చీ వేయించుకుంది.

"ఈ గద్ద బొమ్మ నోట్లు రెండున్నాయేంటండీ?"

"జాంబియావి అత్తయ్యగారూ. రెండూ ఒకటే. మూడోది కూడా ఉండేది. ఎందుకులే అని మొన్న నాలాగే నోట్లు పోగేసే మందుల షాపాయనకిచ్చి ఇథియోపియా నోటు తీసుకున్నా."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఒకటెలా అవుతాయి? సంతకాలు వేరుగా ఉంటేను! ఇందులో చివరి గీత కిందికి జారింది. ఇందులో పైకెగిరింది. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చే పిల్లల్ని ఎంతమందిని పట్టుకున్నాననుకున్నారు?"

అతను కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు. నిజమే! బ్యాంకు గవర్నరు మారినప్పుడల్లా సంతకం మారింది. ఇచ్చేసిన నోటు ఫొటో ఫోన్లో వెతికాడు. దాని మీద మూడో సంతకం.

మందుల షాపు ఎదురు వీధిలోనే. వద్దంటున్నా వినకుండా ఆవిడ కర్ర పట్టుకుని బయల్దేరింది.

విషయం వినగానే షాపాయన నవ్వేశాడు. "రోజూ డాక్టర్ల చేతిరాత చదివి బతికేవాణ్ణి, ఆమాత్రం తేడా తెలీదా?"

"తెలిసీ చెప్పలేదా?" అన్నాడు అల్లుడు.

"మీరడగలేదుగా."

"కాపీ కొట్టి దొరికినవాడు కూడా ఇలాగే అనేవాడు నాయనా, మీరు చూళ్ళేదుగా టీచర్ అని" అంది ఆవిడ.

షాపాయన ముఖం కందిపోయింది. దగ్గు మందు సీసాల వెనకనుంచి ఆల్బమ్ తీసి, జాంబియా నోటు చేతిలో పెట్టాడు. అల్లుడు గభాల్న జేబులో పెట్టుకోబోయాడు.

"మరి ఆయన నోటో?" అంది అత్తగారు.

ఇథియోపియా నోటు వదలాలంటే అతనికి ప్రాణం ఉసూరుమంది. అయినా ఇంటికెళ్ళి తెచ్చిచ్చాడు.

షాపాయన కాస్త తటపటాయించి, "అమ్మా, నా దగ్గర ఇంకో మూడు ఆల్బమ్‌లున్నాయి. ఒక్కసారి మీ కళ్ళతో..." అన్నాడు.

"ఆదివారం పట్టుకురా. చేతులు కడుక్కుని రా."

మోకాలు నయమైంది. ఆవిడ మాత్రం ఇంకో రెండు నెలలుండిపోయింది. రూళ్ళ పుస్తకం పక్కనపెట్టి కొత్తది మొదలెట్టారు. అందులో 'సంతకం' అన్న గడి ఆవిడది, మిగతావి అల్లుడివి. ఆదివారం షాపాయన కూడా చేరితే, కెన్యా నోటు మీది సంతకం చివర ఉన్నది సున్నానా, ముడిపడ్డ గీతా అని ముగ్గురూ గంటసేపు కొట్టుకునేవారు.

వంటగదిలోంచి ఆవిడ కూతురు మూడుసార్లు కేకేసేది, అన్నం చల్లారిపోతోందని.