డానైని

"వదినా, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?"

హాల్లోంచి ఉమాశ్రీ అరిచేటప్పటికి నేను వంటింట్లో గారెలు తీస్తున్నాను. ఉమాశ్రీ నా ఆడబడుచు. మియాపూర్ నుంచి వాళ్ళమ్మకి కొత్త ఫోన్ కొనుక్కొచ్చింది.

"డానైని. డి పెద్దది."

"అదేం పేరు? కొరియన్ సీరియల్లో పిల్లా?"

మా ఆయన ఉదయ్ భాస్కర్ నవ్వడం వినిపించింది.

ఏడేళ్ళ కిందట ఈ కేపీహెచ్‌బీ ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను పాస్‌వర్డ్ అడిగితే, "నువ్వే ఏదో ఒకటి చెప్పు కిరణ్" అన్నారు ఆయన. నోటికి ఆ మాటే వచ్చింది. "సూపర్. ఎవడూ కనిపెట్టలేడు" అన్నారు. ఎవరూ కనిపెట్టలేదు. వచ్చిన చుట్టాలు, పక్క ఫ్లాట్ వాళ్ళు, మా అబ్బాయి, అందరూ దాన్ని టైపు చేశారు. అదేమిటని ఒక్కరూ అడగలేదు. అది సీతాకోకచిలుకల్లో ఒక తెగకి శాస్త్రంలో ఉన్న పేరు. యూనివర్సిటీలో నా పరిశోధన ఆ తెగ మీదే. వాటి పిల్లలు తినే జిల్లేడు పొదల పక్కన పొద్దున్నుంచి కూర్చునేదాన్ని. రెండో ఏడు బాబు కడుపున పడ్డాడు. "తర్వాత చూద్దాంలే" అన్నారు ఆయన. "పురుగుల చదువు ఎక్కడికి పోతుందమ్మా" అన్నారు మామగారు. తర్వాత చూసింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఎనిమిదో అంతస్తులో కూర్చుని, ఒక బ్యాంకు యాప్‌లో బటన్లు నొక్కితే పనిచేస్తున్నాయో లేదో చూస్తాను. పార్కింగ్ గోడ అవతల ఖాళీ స్థలంలో జిల్లేడు మొక్కలున్నాయి. లంచ్‌లో కిటికీ దగ్గర నిలబడతాను. అంత ఎత్తునుంచి సీతాకోకచిలుక కనిపించదు. అయినా చూస్తాను.

గురువారం కృష్ణప్రియ ఫోన్ చేసింది. యూనివర్సిటీలో నాతో చదివింది. అమ్రాబాద్ అడవిలో సీతాకోకచిలుకల సర్వే, రెండేళ్ళ పని, నెలకి పది రోజులు అడవిలో, మిగతాది సిటీలోనే. డానైని తెలిసినామె మానేసిందట. ఆదివారం సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు. "ఆయన్ని అడిగి చెప్తాను" అన్నాను. ఇవాళ ఆదివారం. ఇంకా అడగలేదు. అడిగితే ఏమంటారో నాకు తెలుసు. "నీ ఇష్టం. కాకపోతే ఒకసారి ఆలోచించు" అంటారు. మా ఇంట్లో వద్దు అని చెప్పడానికి వాడే మాట అది. పరిశోధన మానేసినప్పుడూ, కోర్సులో చేరినప్పుడూ, నా ఇష్టమే.

గారెల పళ్ళెం తీసుకుని హాల్లోకి వెళ్ళాను. అత్తగారు పుణ్యవతి కళ్ళజోడు పైకి తోసి ఒక్కో అక్షరం నొక్కుతున్నారు.

"డా... నై... నీ... అమ్మవారి పేరా అమ్మా?"

"నీకెందుకే అమ్మా, కొట్టేయ్" అంది ఉమాశ్రీ.

"ఏడేళ్ళనుంచి ఇంట్లో ఉంటోంది, ఎవరో తెలుసుకోవద్దూ?"

"సీతాకోకచిలుకలండి, అత్తయ్యా. ఒక తెగ పేరు."

"ఇంటికి పురుగు పేరు పెట్టావా వదినా!"

"నువ్వుండవే" అని అత్తగారు నాకేసి తిరిగారు. "ఎలా ఉంటాయి?"

"నాలుగు కాళ్ళే ఉన్నట్టుంటాయి. ఉన్నది ఆరు. ముందు రెండూ చిన్నవి, గుండె దగ్గర ముడుచుకుని ఉంటాయి. వాటితో నడవదు."

"వేస్ట్ పార్ట్స్" అన్నారు ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"కాదు. ఆడది ఆకుమీద వాలి ఆ రెండిటితోనే తడుతుంది. రుచి ఆ కాళ్ళకి తెలుస్తుంది. పిల్లలు తినే ఆకైతేనే గుడ్డు పెడుతుంది. కాకపోతే లేచిపోతుంది."

"లేచిపోవడమే!" ఉమాశ్రీ పడీపడీ నవ్వింది. "అన్నయ్యా, జాగ్రత్తరోయ్."

అత్తగారు నవ్వలేదు. "అది తట్టడం నువ్వు చూశావా?"

"చూశానండి."

"మళ్ళీ ఎప్పుడైనా?"

"లేదండి."

ఆవిడ ఒక గారె తీసుకుని తుంచారు. నేను పళ్ళెం టీపాయ్ మీద పెట్టాను. అది తట్టేటప్పుడు ఆకు కదలదు. అది చూడటానికి ఊపిరి బిగబట్టేదాన్ని. పరిశోధన మానేశాక అలా ఊపిరి బిగబట్టింది దేనికోసమని వెతికాను. అత్తగారి చెకప్ రిపోర్టు, బాబు మార్కులు, ఆయన మూడ్. నాకోసం ఒక్కటి కూడా దొరకలేదు.

"కిరణ్, చట్నీ ఏది?" అన్నారు ఆయన.

వంటింట్లోకి వెళ్ళాను. నూనె పొగలొస్తోంది. స్టవ్ కట్టేశాను. చట్నీ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టి, అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ప్రియా, నేను వస్తున్నాను."

"నిజంగానా? అమ్మయ్య!" అంది కృష్ణప్రియ. "మరి ఆయన్ని అడిగావా?"

గారె ఆయన చేతిలోనే ఆగిపోయింది. తలెత్తి నన్నే చూస్తున్నారు.

"అడగలేదు" అన్నాను. "ఇప్పుడు వింటున్నారు."