నేలపూడి వారి ముద్ద

ఒమాన్‌లోని ఖబూరాలో నీటి మోటార్ల దుకాణం తెరిచిననాడు ఇస్రాయేలు చేతిలో ఉన్న పెట్టుబడి రెండు రకాలు. ఏ మోటారు విప్పినా జబ్బు కనిపెట్టే పనితనం ఒకటి, క్లాసన్ అనే ఇంటిపేరు ఇంకొకటి. మొదటిది కడుపు నింపింది, రెండోది బోర్డు మీద వెలిగింది. తోటలున్న ఒమానీ రైతులు ఆ పేరు చదివి, అతని పిల్లికళ్ళు చూసి, "అల్మానీ" అని పిలిచేవారు. జర్మనీ మనిషి దగ్గర బేరమాడటం మర్యాద కాదనుకున్నారో ఏమో, చెప్పిన ధరకే కొనుక్కుపోయేవారు.

అతనికి మాత్రం అది వ్యాపారానికి పెట్టుకున్న పేరు కాదు. ముత్తాత ఒక జర్మన్ దొరకు పుట్టినవాడని, ఆ దొర గోదావరి ఒడ్డున మిషన్ బంగళాలో ఉండేవాడని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. దాన్ని రుజువు చేసుకోవాలని ఇస్రాయేలుకు ఏళ్ళనాటి కోరిక. ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా యోహాన్ క్లాసన్ అనే ఇంజినీరు దొరికాడు. సోహార్ రేవుకు పని మీద వస్తున్నానని, శుక్రవారం భోజనానికి కలుద్దామని అతను కబురు పెట్టాడు.

ఆ వారం మొదట్లోనే దుకాణానికి ఒకామె వచ్చింది. ఊళ్ళో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుందట, పేరు మల్లీశ్వరి.

"బావగారూ, మీరు నన్నెరగరు. నేను నేలపూడోరి కోడల్నండి."

"ఏ నేలపూడోరు?"

"మీవోళ్ళేనండి. మీ ముత్తాత, మా మావగారి తాత సొంత అన్నదమ్ములు. అమ్మా నాన్నా కలరాతో పోతే పెద్దోణ్ణి మిషనోళ్ళు తీసుకెళ్ళేరు, చిన్నోణ్ణి మేనమామ పెంచేడు."

ఇస్రాయేలు నవ్వాడు. "మా ముత్తాత దొర కొడుకమ్మా. ఈ కళ్ళు చూస్తే తెలీటంలా?"

"మా ఆయనవీ ఇయ్యే కళ్ళండి. మా అబ్బాయివీనీ."

ఆ మాట అతనికి రుచించలేదు. ఏం కావాలని అడిగాడు. డబ్బు అడుగుతుందనుకున్నాడు, ఎంత ఇచ్చి పంపాలో కూడా మనసులో లెక్కేసుకున్నాడు.

ఆమె మొగుడు ఇండియాలో సొంతూళ్ళో పోయాడట. పనిచేసే ఇంట్లో కాన్పు ఉండటంతో సెలవు దొరకలేదు. శుక్రవారం పెద్దకర్మ.

"అక్కడ మా అబ్బాయి చేస్తాడండి. మా అత్తోరింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆ రోజు పెళ్ళాం చేతి ముద్ద ఇంటిపేరోళ్ళలో ఒకరన్నా తినాలి. ఈ దేశంలో నాకు మీరొక్కరే కనబడ్డారు."

"చచ్చినవాళ్ళకి పెట్టిన కూడు మేం తినమమ్మా. బైబిలు ఒప్పదు."

"ఆయనకి పెట్టేది అక్కడండి. ఇది మీకే పెడతాను. మీ నాన్నగారు పోయినప్పుడు మా ఆయన పది రోజులు మైల పట్టేడండి."

"మేం పట్టమన్నామా?"

"అడిగించుకుని పడతారేటండి, మైల?"

ఇస్రాయేలు బల్ల మీది మోటారు ముందుకు లాక్కున్నాడు. శుక్రవారం సోహార్‌లో పనుందన్నాడు.

"పొద్దుగూకేలోపు ఎప్పుడొచ్చినా సరేనండి," అని చెప్పి, ఇంటి గుర్తులు చెప్పి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఇస్రాయేలు ఖర్జూరాలు, హల్వా కట్టించుకుని సోహార్ వెళ్ళాడు. యోహాన్ పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు. హల్వా రెండు చెంచాలు తిని, ఇస్రాయేలు చెప్పిందంతా ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు.

"మా వాళ్ళెవరూ ఇండియా వెళ్ళలేదు. మా నానమ్మ చెప్పేది, మా వంశంలో ఒక ముసలమ్మ ఉండేదట. ఒక్కగానొక్క కొడుకు సముద్రంలో పోయాడు. ఇండియాలో ఒక అనాథ పిల్లాడి తిండికి ఏటేటా మిషన్‌కు డబ్బు పంపిందట. వాడికి మా ఇంటిపేరు పెట్టమని మాత్రం అడిగిందట. అప్పట్లో చాలామంది దాతలు అలా అడిగేవాళ్ళట." తర్వాత మామూలుగానే అడిగాడు, "అది సరే, ఆ పిల్లాడి అసలు ఇంటిపేరేమిటి?"

"నేలపూడి," అన్నాడు ఇస్రాయేలు. నోరు దానంతటదే అనేసింది.

అప్పటికి మధ్యాహ్నం ఇంకా దాటలేదు. నేరుగా బయల్దేరితే ఎండ ఉండగానే ఖబూరా చేరేవాడు. కాని అతను రేవు పక్కన కారు ఆపుకుని లెక్కలు వేశాడు. ఆ ముద్ద తింటే క్లాసన్ అబద్ధమని తానే ఒప్పుకున్నట్టు. బోర్డు ఏమవుతుంది? చర్చిలో ఏమంటారు? ఇంట్లో పిల్లలకు ఏం చెప్పాలి? ఏ పక్కనుంచి వేసినా నష్టమే కనిపించింది. చివరికి నష్టమైనా సరే అనుకుని తాళం తిప్పేసరికి నీడలు బాగా సాగాయి.

మల్లీశ్వరి చెప్పిన ఇంటి వెనక గేటు దగ్గర ఆగేసరికి పొద్దుగూకి, మసీదులో మగ్రిబ్ బాంగు కూడా అయిపోయింది. పక్కింట్లో పనిచేసే కడప మనిషి మహబూబీ మెట్టు మీద కూర్చుని ఉంది.

"నువ్వేనా ఆ అల్మానీ? ఇప్పుడా వచ్చేది? ఆయమ్మ పొద్దు మునిగేదంకా ఈడనే నిలబడింది."

"ముద్ద ఎవరు తిన్నారు?"

"నేనే తింటి. ఎవురో ఒకరు తినాల గదా. నాది ఏ ఇంటిపేరో ఆయమ్మ అడగల్యా."

లోపల్నుంచి మల్లీశ్వరి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మాట మాత్రం మామూలుగానే ఉంది.

"రండి సార్."

"నాదీ నేలపూడేనమ్మా," అన్నాడు ఇస్రాయేలు.

"తెలుసండి సార్. మొన్న నేనే చెప్పేను కదా."

"ఇంకేమన్నా మిగిలిందా?"

"అన్నం ఉందండి, పెడతాను. కాని ఇప్పుడది వట్టన్నవేనండి."

అతను చేతులు కడుక్కుని మెట్టు మీదే కూర్చుని తిన్నాడు. పప్పు, గోంగూర, అన్నం. అడక్కుండానే ఆమె మారు వడ్డించింది. సోహార్‌లో ఏం తెలిసిందని మాత్రం అడగలేదు.

దుకాణం మూసేముందు రోజు లెక్క చూసుకోవడం ఇస్రాయేలుకు అలవాటు. ఆ సాయంత్రం కారులో కూర్చునే చూసుకున్నాడు. రాబడి కింద ముత్తాత ఇంటిపేరు వచ్చింది, తన తండ్రికి మైల పట్టిన తమ్ముడొకడు ఉండేవాడన్న సంగతి వచ్చింది. ఖర్చు కింద ఆ తమ్ముడికి చెయ్యగలిగిన ఒకే ఒక్క పని పోయింది. తీసివేయగా మిగిలింది ఇంటిపేరొక్కటే. బోర్డు మీద రాసుకోవడానికి పనికొస్తుంది, ఎవరైనా బావగారూ అని పిలవడానికి పనికిరాదు.