ఎంకయ్య నాలుక

ఎల్లారెడ్డి ఊరి పక్క చెరకు తోటల్లో ఎంకయ్య నాలుకకు ఉన్న పేరు పటేలుకు కూడా లేదు. మరుగుతున్న బెల్లం పాకం ఒక్క చుక్క పడితే చాలు. చెరకు ఏ మడిదో, ఆ మడికి నీళ్లు కట్టినవాడు పొద్దున పెండ్లాంతో కొట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేవాడు. మీరు నమ్మకపోతే మానండి, మాచారెడ్డి ఊరివాళ్లు నమ్మారు.

మిగతావాళ్లు పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేసేవారు. ఉండ కడితే పెనం దించేవారు. వాళ్లను చూసి ఎంకయ్య నవ్వేవాడు.

"నీళ్లకేం ఎరుక రుచి? నీళ్లకు నాలికున్నదా?"

గరిటెతో పాకం తీసి అతని నాలుక మీద వేసే పని భార్య చంద్రవ్వది. ఒక్కసారి ఊదేది. రెండోసారి ఊదనిచ్చేవాడు కాదు.

"సల్లారితే అబద్ధం జెప్తదే!"

పొగలో కళ్లు మూసుకుని చప్పరించి, "దించుండ్రి!" అని కేక వేసేవాడు. పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి.

ఎక్కడో యుద్ధం మొదలైందని చెప్పుకున్న ఏడు, నాలుక పక్కన పుండు లేచింది. వేడి తగిలితే కాసేపు మొద్దుబారి నొప్పి తెలిసేది కాదు. ఇంకాస్త వెయ్యమని సైగ చేసేవాడు. పాకమే మందనుకుని చంద్రవ్వ ఊదడం కూడా మానేసింది.

పుండు మానలేదు. మాట ముద్దయిపోయింది. బండి కట్టించి కామారెడ్డి దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు నోట్లోకి చూసి, ఆమెను బయటకు పిలిచాడు.

"రాచపుండు, అమ్మా. మెడదాక దిగింది. చుట్ట తాగుతడా?"

"ముట్టడు సాబ్. కాగే పాకం నాలిక మీద ఏసుకుంటడు, గంతే."

"కాలిన జాగనే మల్లమల్ల కాలితే గిట్లయ్యేదుంటది. ఎవలేసిండ్రు గట్ల?"

"నేనే సాబ్. ఈ చేతితోనే."

తిరుగు దారిలో డాక్టరు ఏమన్నాడని ఎంకయ్య సైగతో అడిగాడు.

"నీ నాలిక జూసి ఆయనే బెదిరిండు. హైదరాబాదుల అద్దాల పెట్టెల వెడ్తరట."

ఎంకయ్య దవడ పట్టుకుని నవ్వాడు. ఆమె ఎద్దుల వైపు మొహం తిప్పుకుంది.

పెనం దగ్గర ఇంకొకరిని పెడతానన్నాడు పటేలు. "ఈ తోట ఒడిసేదాక ఆగు పటేలా" అని చంద్రవ్వ మొక్కింది. మంచంతో సహా ఎంకయ్యను పొయ్యి పక్కకు తెచ్చారు. పాకం పొంగి అణిగింది. ఆమె గరిటె ఎత్తగానే అతను అలవాటుగా నోరు తెరిచాడు. చంద్రవ్వ వెయ్యలేదు. తన నాలుక చాపి, గరిటెను తన వైపు తిప్పుకుంది.

ఎంకయ్య చెయ్యి విసిరాడు. గరిటె బూడిదలో పడింది. ముంజేతి మీద పాకం చింది కాలుతున్నా చూసుకోలేదు. అవతల ఉన్న నీళ్ల ముంత వైపు వేలు చూపాడు.

"నీళ్లకేం ఎరుకయ్యా రుచి?" అంది చంద్రవ్వ.

అతను వేలు దించలేదు.

ఆమె మళ్లీ గరిటె ముంచి వేసిన పాకం చుక్క నీళ్లలో పడి, అడుగున ఉండ కట్టింది. ముంత అతనికి చూపించింది. తల ఊపాడు.

"దించుండ్రి!" అని చంద్రవ్వ కేక వేసింది.

ఆ తోట చెరకు అయిపోకముందే ఎంకయ్య పోయాడు. మిగిలిన పెనాలన్నీ నీళ్లలో చూసి ఆమే దించింది. బెల్లం ఎట్లున్నదని ఎవరైనా అడిగితే, "నాకేం ఎరుక? నాలిక ఆయనది" అనేది.