తెలేసియా మనవి

తెలేసియా నా కొడుకు కోసం ప్రార్థించింది. అందుకే ఇవాళ్టికీ దాని ముఖం చూడబుద్ధి కాదు.

అది అక్టోబరు, జపమాల నెల. ఆ నెలంతా మరియమాత స్వరూపం, అంటే ఆమె విగ్రహం, మా దీవి ఊళ్ళో ఇంటింటికీ తిరుగుతుంది. ఏ ఇంట్లో దిగితే ఆ సాయంత్రం క్యాథలిక్కులందరూ ఆ ఇంట్లోనే చాపల మీద కూర్చుంటారు. శంఖం ఊదగానే మగవాళ్ళు దారి పొడవునా నిలబడతారు. ప్రార్థన అయ్యేదాకా బండి కదలకూడదు, మనిషి నడవకూడదు. దారికి అంత కాపలా పెట్టుకున్నవాళ్ళం, నోటికి పెట్టుకోలేదు.

మా లినో సెమినరీలో చదువుతున్నాడు. వాడు గుడిలో పూజ జరిపే గురువవుతాడని వాళ్ళ నాన్న పెతెలో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పెతెలో మా గుడికి ఉపదేశి. గురువు రాని ఆదివారం ఆయనే ప్రార్థన నడుపుతాడు. ఆ వారం లినో నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను వచ్చేస్తున్నా. ఈ పిలుపు నాది కాదు. శనివారం పడవకి వచ్చి నాన్నకి నేనే చెప్పుకుంటా. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు."

సరేనన్నాను. కానీ ఆ బరువు మోయడం నా వల్ల కాలేదు. మొగలి ఆకులు చీలుస్తూ తెలేసియాతో అనేశాను. చిన్నప్పటి నుంచీ ఒకే చాపకి చెరో వైపు కూర్చుని అల్లినవాళ్ళం. "కడుపులో దాచుకోవే. నీలో నువ్వే ప్రార్థించు," అన్నాను. "మరియమ్మ మీద ఒట్టు," అంది.

మర్నాడు స్వరూపం మా ఇంటికి వచ్చింది. జపమాలలో ప్రతి పది మంగళవార్త జపాలకూ ముందు ఎవరి మనవి వాళ్ళు పైకి చెప్పుకోవచ్చు. ముసలి వైతోవా తన మోకాలి కోసం చెప్పుకున్నాడు. ఒకామె తప్పిపోయిన పంది కోసం చెప్పుకుంది. అప్పుడు తెలేసియా గొంతు సవరించుకుంది.

"మన లినో కోసం. సెమినరీ వదిలేసి వస్తున్న ఆ బిడ్డ మనసు దేవుడు మళ్ళించాలని."

పెతెలో నా వైపు చూశాడు. తర్వాత తల వంచి మంగళవార్త మొదలుపెట్టాడు. పది అయిపోయినా ఆపలేదు. చెబుతూనే ఉన్నాడు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందరూ వెళ్ళాక అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలేసియాకీ తెలుసు. నా కొడుకు సంగతి నేను మాత్రం జపమాలలో వినాలా?"

వడ్డించిన చేమదుంప ముట్టలేదు.

తెల్లారగానే తెలేసియా ఇంటికి పోయాను. "ఏమే, నీ ఒట్టు ఏ సముద్రంలో కలిసింది?"

అది అల్లిక ఆపలేదు. "చాడీలు చెప్పానా? ప్రార్థనేగా చేశా! పదిమంది కలిసి అడిగితే దేవుడు వింటాడని."

"దేవుడికేం చెవుడు లేదు. నువ్వు చెప్పింది ఆయనకి కాదు, వెనక వరసలో వాళ్ళకి."

"మంచికి పోతే ఇదీ నాకు మిగిలేది," అని కళ్ళొత్తుకుంది. 

ఆ సాయంత్రం స్వరూపం దాని ఇంటికే వెళ్ళింది. మోసుకొచ్చిన ఇంటివాళ్ళే మొదటి మనవి చెప్పాలి. అంటే నేనే. ఆక్లండ్‌లో ఉన్న దాని మొగుడు అక్కడ ఇంకొకత్తెతో కాపురం పెట్టాడని ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా భుజం మీద పడి ఏడ్చి చెప్పుకుంది. ఇప్పుడా మాట నా నాలుక చివరికి వచ్చేసింది. జాలి గొంతు కూడా సిద్ధం చేసుకున్నాను.

"తెలేసియా..." అన్నాను. పూసల మీద దాని వేళ్ళు ఆగిపోయాయి. రంగు పోయిన ఆ ముఖం చూసి మాట మింగాను.

"తెలేసియా ఇంటి చల్లదనం కోసం. నా నోటికి దేవుడు కాపలా పెట్టాలని."

తల ఎత్తుకుని ఇంటికి వచ్చాను. దానిలాంటిదాన్ని కాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత గర్వమో ఆ రాత్రి నాకు!

శనివారం లినో సంచితో వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. పడవలో పక్కన కూర్చున్న మా ఊరావిడ వాడి చెయ్యి పట్టుకుని, నీ కోసం అందరం ప్రార్థిస్తున్నాం నాయనా అందట.

"నాన్నకి ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చా," అన్నాడు. "చెప్పడానికి ఏం మిగల్లేదు."

"నా తప్పు లేదురా! ఆ తెలేసియా నమ్మించి గొంతు కోసింది. నేను దానికొక్కదానికే చెప్పాను."

 కోపం కూడా లేదు వాడి కళ్ళలో.

"నేనూ ఒక్కరికే చెప్పానమ్మా."

అంతలో శంఖం ఊదారు. మగవాళ్ళు దారి మీదికి వచ్చి నిలబడ్డారు. లోపల పెతెలో చాప మీద కాస్త జరిగి చోటిచ్చాడు. లినో నన్ను దాటుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.