సాయిలు చెవి బిళ్ళలు

ఫిలింనగర్ షూటింగుల్లో జనరేటరు వ్యాను చూసుకునే సాయిలుకు, ఆ రొదకు చెవులు పోకుండా ఓనరు బిళ్ళలు చేయించాడు. చెవిలో మెత్తని ముద్ద పెట్టి, అచ్చు తీసి, అచ్చంగా అతని చెవులకే అతికేలా చేసినవి. ఒంటి రంగులో ఉంటాయి, చూస్తే కనబడవు. వాటితో జనరేటరే గుసగుసలాడినట్టుంటే, ఇక నీలమ్మ మాటలెంత! లేచింది మొదలు ఆగకుండా మాట్లాడే పెళ్ళాం ముందు, రహమత్‌నగర్ ఇంట్లో కూడా అవి పెట్టుకుని ఊఁ కొట్టడం మరిగాడు సాయిలు.

నిన్న నీలమ్మ బాత్‌రూములో జారిపడింది. పిలిచీ పిలిచీ గొంతు పోయింది. పక్కింటామె పెరటి దారిన పరుగెత్తుకొచ్చి లేపేసరికి, సన్నగా వినబడేది మామూలు కబుర్లే అనుకుని సాయిలు ముందు గదిలో ఊఁ కొడుతూనే ఉన్నాడు.

ఇవాళ కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని నీలమ్మ కళ్ళొత్తుకుంది. "నీ తప్పేముందయ్యా. ఆ పాడు జనరేటరు నీ చెవులు తిన్నది. రేపు డాక్టరు తాన పోదాం. కుంటుకుంటనైనా నేనొస్త."

తిట్టినా బాగుండేది. ఆ జాలికి సాయిలు ప్రాణం చచ్చిపోయింది. జేబులోంచి బిళ్ళల డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నా చెవులు మంచిగనే ఉన్నయే. ఇవి ఇంట్ల గూడ పెట్టుకుంటున్న."

నీలమ్మ డబ్బీని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఎప్పటిసంది?"

"ఎండాకాలం సంది."

"అంటే మా చెల్లె బిడ్డ లగ్గం ముచ్చట ఒక్కటి గూడ ఇనలే!" డబ్బీని దిండు కిందికి తోసింది. "పనికి పోయేటప్పుడు ఇస్త. కూసో, మొదటిసంది చెప్త."

సాయిలు కూర్చున్నాడు. ఈసారి ఊఁ కొట్టకుండా, "పిలగానిది ఏ ఊరు?" అని అడిగాడు.